వేడిని కాపాడు సీసా: ఆరుబయటి పనికి ఎట్టి ఫ్లాస్కును ఎన్నుకొనవలెను?

పొయ్యిమీదనుండి దించిన టీని గ్లాసులో పోసి ప్రక్కన పెట్టినచో పావుగంటలో గోరువెచ్చనగును. అరగంట గడచిన తరువాత దానిని త్రాగుటకు మనసొప్పదు. ఇంటివద్ద నున్నవారికి ఇది పెద్ద చిక్కు కాదు, మరల వేడిచేసికొందురు. కాని పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున చేనికి నీరు పెట్టబోవు రైతునకు, రాత్రియంతయు గిడ్డంగివద్ద కావలి కాయువానికి, సముద్రముమీద వేటకు పోవు మత్స్యకారులకు, లంబసింగి కొండలమీద మంచు చూడబోవువారికి, కేదారనాథమునకు కొండ యెక్కు యాత్రికులకు అట్టి వీలు లేదు. వీరందరికి ఆధారము ఫ్లాస్కు.

నేడు అంగడిలో ఫ్లాస్కులకు కొదువ లేదు. రెండువందల రూపాయలనుండి నాలుగైదు వేల రూపాయలవరకు ధర పలుకునవి కలవు. చూచుటకు అన్నియు ఒకే తీరుగ మెరయుచుండును. అయితే వానిలో కొన్ని ఉదయము పోసిన టీని సాయంకాలమువరకు వేడిగ నిలుపును. మరికొన్ని గంట గడవకుండగనే చల్లార్చివేయును. కొన్ని బండిమీదనుండి పడినను చెక్కుచెదరవు. కొన్ని చిన్న దెబ్బకే పనికిరానివగును. డబ్బు వృథా యగుట ఒక్కటే ఇందలి నష్టము కాదు. తగినంత వేడి నిలువని సీసాలో పసిబిడ్డకు పాలు దాచినచో బిడ్డ ఆరోగ్యమునకే ముప్పు కలుగవచ్చును. ఈ తారతమ్యము పై రంగును బట్టిగాని ధరను బట్టిగాని తెలియదు. లోపలి ఏర్పాటు తెలిసినచో సులభముగ బోధపడును.

వేడి పారిపోవు దారులు

వేడి యెప్పుడును వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు పోవును. అది పోవు దారులు మూడు. మొదటిది ఉష్ణవహనము. పెనము కాడ మండునట్లు, వస్తువులోని ఒక అణువు తన కదలికను ప్రక్క అణువునకు అందించుటవలన వేడి సాగిపోవును. రెండవది ఉష్ణసంవహనము. వేడెక్కిన గాలిగాని నీరుగాని తేలికయై పైకి లేచి, తనతో వేడిని మోసికొనిపోవును. మూడవది ఉష్ణవికిరణము. దీనికి నడుమ ఏ పదార్థమును అక్కరలేదు. సూర్యుని వేడి శూన్యాకాశమును దాటి భూమికి చేరుట ఈ దారిననే. వేడి టీ నింపిన సీసాకూడ కంటికి కనబడని వికిరణమును నిరంతరము వెదజల్లుచునే యుండును.

వీనికి తోడు వేడి ద్రవములకు నాలుగవ దారి ఒకటి కలదు. అది ఆవిరి. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 540 కెలోరీల వేడి కావలెను. లీటరు నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుటకు 1,000 కెలోరీలు పోయిన చాలును. కాబట్టి మూత సరిగా పడక రెండు గ్రాముల ఆవిరి తప్పించుకొన్నను ఒక డిగ్రీ పోయినట్లే. మంచి ఫ్లాస్కు ఈ నాలుగు దారులకును అడ్డుకట్ట వేయవలెను.

డ్యూయర్ పాత్ర

ఈ అడ్డుకట్టను మొదట కట్టినది టీ త్రాగువారికొరకు కాదు. స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ డ్యూయర్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వాయువులను ద్రవములుగ మార్చు పరిశోధనలు చేయుచుండెను. ద్రవ ఆక్సిజను సున్నకు దిగువ 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. మామూలు పాత్రలో పోసినచో గదిలోని వేడికే అది మరిగి ఆవిరియై పోవుచుండెను. ఆ వేడిని లోనికి రానీయకుండుటకై ఆయన 1892లో ఒక గాజు పాత్రలో మరియొక గాజు పాత్రను అమర్చి, రెంటిని అంచువద్ద మాత్రము అతికి, నడుమనున్న గాలిని తోడివేసెను. 1898లో ఆయన హైడ్రోజనును ద్రవముగ మార్చుటకు ఇట్టి పాత్రలే తోడ్పడెను.

చల్లని ద్రవమునకు బయటి వేడిని తగులనీయని పాత్ర, వేడి ద్రవములోని వేడిని బయటికి పోనీయదు. పని ఒక్కటే, దిశ మాత్రము వేరు. ఈ సంగతిని వ్యాపారమునకు మలచినవాడు రైన్‌హోల్డ్ బర్గర్ అను జర్మను గాజు పనివాడు. పెళుసైన గాజు పాత్రకు లోహపు తొడుగు వేసి ఆయన 1903లో పేటెంటు పొందెను. 1904నుండి అది ‘థర్మాస్’ అను పేరుతో అమ్మకమునకు వచ్చెను. వేడి అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చిన ఆ పేరు క్రమముగ వస్తువునకే పేరయ్యెను. డ్యూయర్ తన పాత్రకు పేటెంటు తీసికొనలేదు గనుక ఆయనకు ఇందువలన దక్కినది లేదు. తరువాత 1913లో విలియం స్టాన్లీ అను అమెరికా విద్యుచ్ఛక్తి ఇంజనీరు గాజు లేకుండ, పూర్తిగ ఉక్కుతోనే శూన్యపు సీసాను తయారు చేసెను. ఆరుబయట పనిచేయువారికి నిజముగ పనికివచ్చిన ఫ్లాస్కు ఇదియే.

సగము శూన్యము శూన్యము కాదు

రెండు గోడలనడుమ గాలి తీసివేసినచో వేడి దాటలేదని తెలిసినది. అయితే ఎంత గాలి తీయవలెను? సగము గాలి తీసినచో సగము మేలు కలుగునని ఎవరికైనను తోచును. అది నిజము కాదు. సగము తీసినను, తొంబదియైదు పాళ్ళు తీసినను, ఉష్ణవహనములో దాదాపు మార్పే కనబడదు.

ఇందులకు కారణము విచిత్రమైనది. గాలిలోని అణువులు ఎడతెగక పరుగెత్తుచు ఒకదానితో నొకటి ఢీకొనుచుండును. ఒక ఢీకును మరియొక ఢీకును నడుమ అణువు పరుగెత్తు దూరమును సగటు స్వేచ్ఛాపథమందురు. మామూలు గాలిలో ఇది మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్న తక్కువ. సగము గాలిని తీసివేసినచో వేడిని మోయు అణువుల సంఖ్య సగమగును. కాని ప్రతి అణువును అడ్డు తగ్గుటచే రెట్టింపు దూరము పరుగెత్తును. కూలీలు సగమైనను ఒక్కొక్కరు రెట్టింపు దూరము మోసినచో పని తగ్గునా? జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ 1860లో వాయువుల స్నిగ్ధత పీడనముపై ఆధారపడదని సిద్ధాంతరీత్యా చూపెను. ఉష్ణవహనమునకును అదే న్యాయము వర్తించును.

స్వేచ్ఛాపథము పెరిగి పెరిగి గోడలనడుమనున్న దూరముతో సమానమైనప్పుడు మాత్రమే ఈ లెక్క తప్పును. అప్పుడు అణువు ఒక గోడనుండి బయలుదేరి నేరుగా రెండవ గోడనే తాకును. అంతకన్న దూరము పోవుటకు చోటు లేదు. అక్కడినుండి అణువులు తగ్గినకొలది వేడి మోయుటయు తగ్గును. గోడలనడుమ మూడు మిల్లీమీటర్ల సందున్న ఫ్లాస్కులో ఈ దశ రావలెనన్న లోపలి పీడనము బయటి గాలి పీడనములో సుమారు నలుబదివేలవ వంతునకు దిగవలెను. మంచి ఫలితమునకు దానిని ఇంకను పదుల, వందల రెట్లు తగ్గించవలెను.

ఈ సంగతినుండి కొనువారు గ్రహింపవలసినవి రెండు కలవు. మొదటిది: ఫ్లాస్కులో శూన్యము ఉన్నట్లో లేనట్లో గాని, కొంచెము ఉన్నట్లు కాదు. అతుకువద్ద వెండ్రుకవాసి సందు పడి కొద్ది గాలి చొరబడినను ఫ్లాస్కు పని ముగిసినట్లే. నిన్నటివరకు బాగుగ పనిచేసినది నేడు హఠాత్తుగ పనికిరాకపోవుట ఇందువలననే. దానిని బాగుచేయుట ఇంటిలోగాని బజారులోగాని సాధ్యము కాదు. రెండవది: ‘రెండు గోడలది’ అని మాత్రము వ్రాసియున్న సీసా వేరు, ‘శూన్యముగల రెండు గోడలది’, అనగా ‘వాక్యూమ్’ అని వ్రాసియున్న సీసా వేరు. మొదటిదానిలో నడుమ నున్నది గాలి మాత్రమే కావచ్చును.

మిగిలిన దారులు

శూన్యమును దాటగలిగినది వికిరణ మొక్కటే. దానిని ఆపుటకు శూన్యమువైపున్న తలములను అద్దమువలె మెరయునట్లు చేయుదురు. గాజు ఫ్లాస్కులో వెండి పూత వేయుదురు. సిల్వర్ నైట్రేటును అమ్మోనియాతో కలిపి, గ్లూకోజువంటి పదార్థముతో క్షయకరణము చేసినచో వెండి గాజుకు పలుచగ అంటుకొనును. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులు పరీక్షనాళికలో చేయు ‘వెండి అద్దము’ ఇదియే.

లీటరు ఫ్లాస్కు లోపలి తలము సుమారు 600 చదరపు సెంటీమీటర్లుండును. లోపల 90 డిగ్రీలు, బయట 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ తలములు నల్లనివైనచో వికిరణమువలన 34 వాట్ల వేడి పోవును. మెరుగుపెట్టిన ఉక్కు అయినచో సుమారు 2 వాట్లు మాత్రమే పోవును. వెండి పూత అయినచో అర వాట్టుకన్న తక్కువ. కొన్ని ఉక్కు ఫ్లాస్కులలో లోపలి గోడకు శూన్యమువైపున రాగి పూతగాని రాగి రేకుగాని వేయుదురు. దానివలన వికిరణము సుమారు సగమునకు తగ్గును. ఈ రాగి గోడలనడుమ నుండును గనుక త్రాగు ద్రవమునకు తగులదు.

రెండు గోడలు కలియు చోటు మెడ యొక్కటే. వేడి అచ్చటనుండి గోడవెంబడి ప్రాకి బయటికి వచ్చును. ఉక్కు గాజుకన్న సుమారు పదునైదు రెట్లు ఎక్కువగ వేడిని ప్రసరింపజేయును. అయితే ఉక్కు బలమైనది గనుక గోడను అర మిల్లీమీటరుకన్న పలుచగ చేయవచ్చును. గాజు గోడ అంతకు మూడు నాలుగు రెట్లు దళసరిగ నుండవలెను. ఈ రెంటిని సరిచూచినచో నాలుగు సెంటీమీటర్ల వెడల్పుగల ఉక్కు మెడనుండి సుమారు ఒక వాట్టు, అట్టి గాజు మెడనుండి పావు వాట్టు పోవును. మెడ ఎంత సన్నగ, ఎంత పొడవుగ నున్న అంత మంచిది. ఆవిరిని ఆపి, పైవైపు పోవు వేడిని అడ్డుట బిరడా పని. దానినుండి అర వాట్టు పోవుననుకొనినచో మంచి ఉక్కు ఫ్లాస్కు మొత్తము నష్టము సుమారు మూడున్నర వాట్లు. పూజగదిలో వెలుగు చిన్న బల్బు అంతకన్న ఎక్కువ శక్తి తినవచ్చును.

నాలుగు సీసాల పోలిక

ఒకే ఆకారముగల నాలుగు లీటరు సీసాలలో 90 డిగ్రీల నీరు నింపి, 20 డిగ్రీల గాలిలో ఆరు గంటలు ఉంచినట్లు భావింపుడు. న్యూటన్ శీతలీకరణ నియమము ననుసరించి లెక్కించినచో ఫలితము లిట్లుండును. ఇవి ఉజ్జాయింపు అంకెలు. సీసా తయారీనిబట్టి కొంత అటునిటు అగును.

ఒక్క గోడగల ఉక్కు సీసాలో నీరు మొదట ప్రతి రెండు నిమిషములకు ఒక డిగ్రీకన్న ఎక్కువ చొప్పున చల్లారి, ఆరు గంటలకు 23 డిగ్రీలకు దిగును; అనగా చల్లని నీరే. నడుమ గాలిగల రెండు గోడల సీసాలో సుమారు 36 డిగ్రీలుండును; అది ఒంటి వేడికి సమానము. సెంటీమీటరు మందమున ప్లాస్టిక్ నురుగు కూరిన సీసాలో సుమారు 58 డిగ్రీలుండును. శూన్యపు ఉక్కు ఫ్లాస్కులో సుమారు 74 డిగ్రీలుండును. మొదటి రెండును చూపులకు నాలుగవదానివలెనే ఉండుట గమనింపదగినది.

ఇక పరిమాణమును చూతము. కొనువారిలో చాలమంది దీనిని లెక్కింపరు. సీసా చిన్నదైనకొలది అందులోని ద్రవము త్వరగ తగ్గును. తలము అంత త్వరగ తగ్గదు. మెడ, బిరడా అసలే తగ్గవు. అందువలన పైన చెప్పిన శూన్యపు ఫ్లాస్కునే అర లీటరుది తీసికొనినచో ఆరు గంటలకు సుమారు 66 డిగ్రీలును, పావు లీటరుది తీసికొనినచో సుమారు 55 డిగ్రీలును మిగులును. అనగా పావు లీటరు శూన్యపు ఫ్లాస్కు, లీటరు నురుగు సీసాకన్న మెరుగైనది కాదు! చిన్న ఫ్లాస్కు మోయుటకు తేలికయే. కాని అది రెండు మూడు గంటల పనికి తగినది. పగలంతయు బయట నుండువానికి చాలదు. అట్లే లీటరు ఫ్లాస్కును సగమే నింపినచో అది లీటరు ఫ్లాస్కువలె వేడిని నిలుపజాలదు. అర లీటరు కావలసినవారు అర లీటరు ఫ్లాస్కునే కొని నిండుగ పోసికొనుట మేలు.

బయటి చలియు లెక్కకు వచ్చును. వేడి పోవు వేగము లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడానుబట్టి యుండును. బయట 20 డిగ్రీలకు బదులు సున్న డిగ్రీలున్నచో అదే ఫ్లాస్కు సుమారు మూడు పాళ్ళు ఎక్కువగ, అనగా పదికి పదమూడుగ, వేడిని పోగొట్టుకొనును. కొండలమీద మరియొక చిక్కు కలదు. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో నీరు 97 డిగ్రీలకు, రెండువేల మీటర్ల ఎత్తుననున్న గౌరీకుండమువద్ద 93 డిగ్రీలకు, 3,583 మీటర్ల ఎత్తుననున్న కేదారనాథమువద్ద 88 డిగ్రీలకు మరుగును. అచ్చట ఎంతసేపు కాచినను అంతకుమించి వేడెక్కదు. కాబట్టి కొండ యెక్కువారు అడుగున నింపుకొనుట లాభము. పైన నింపుకొనువారు వేడి అంత తక్కువగ మొదలగునని ఎరిగి యుండవలెను.

గాజా? ఉక్కా?

వేడిని నిలుపుటలో గాజుదే పైచేయి అని పై లెక్కలు చెప్పుచున్నవి. గాజుకు వాసన పట్టదు. టీ పోసిన దానిలో రేపు కాఫీ పోసినను రుచి మారదు. ఇంటిలో బల్లమీద కదలకుండ ఉంచుకొనుటకు గాజు ఫ్లాస్కు మంచిదే. కాని ఆరుబయట దాని ఆయువు చాల చిన్నది. గాలి తోడిన గొట్టమును కరగించి మూసిన చోట గాజు పాత్ర అడుగున చిన్న మొన మిగులును. అది మిగుల సున్నితమైనది. దానికి దెబ్బ తగిలినచో శూన్యము పోవును. చల్లని గాజులో మరుగునీరు ఒక్కసారిగ పోసినను బీట పడును. పగిలిన గాజు ముక్కలు టీలో కలిసినచో కంటికి కనబడవు. కాబట్టి లోపల ఏమాత్రము గలగల వినబడినను అందులోని ద్రవమును వడకట్టి త్రాగుటకు ప్రయత్నింపక పారబోయవలెను.

పొలమునకు, పడవకు, బండికి, కొండకు ఉక్కు ఫ్లాస్కే తగినది. అందులోను ఉక్కు రకమును చూడవలెను. ‘18/8’ అనినచో నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల ఉక్కు. దీనినే 304 రకమందురు. క్రోమియము ఉక్కుపై కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొరను కల్పించి తుప్పునుండి కాపాడును. 316 రకములో రెండు మూడు పాళ్ళు మాలిబ్డినము చేరును. అది ఉప్పుగాలికి ఎక్కువ తాళును గనుక సముద్రముమీద పనిచేయువారికి అనుకూలము. 201 రకములో నికెలు తగ్గించి మాంగనీసు చేర్చుదురు. అది చౌక, తుప్పుకు తాళుట తక్కువ. అయస్కాంతము పెట్టి చూచి అంటుకొననిచో మంచి ఉక్కు అని కొందరు చెప్పుదురు. 201 రకముకూడ అయస్కాంతమునకు అంతగ అంటదు గనుక ఈ పరీక్ష నమ్మదగినది కాదు. అడుగున ముద్రించిన అంకెను, భారత ప్రమాణాల సంస్థ గుర్తును చూచుట మేలు. ఇంటివాడుక ఫ్లాస్కులకు ప్రమాణముల నిర్బంధము విధించుచు భారత ప్రభుత్వము 2023లో నాణ్యతా నియంత్రణపు ఉత్తరువు వెలువరించినది.

ఉక్కు ఫ్లాస్కు పగులదు గాని సొట్ట పడును. చిన్న సొట్టవలన హాని లేదు. సొట్ట లోతై బయటి గోడ లోపలి గోడను తాకినచో అచ్చట వేడికి వంతెన కట్టినట్లగును. పై గోడ కొంత దళసరిగ నున్నవియు, అడుగున రబ్బరు తొడుగుగలవియు బయటి పనికి ఎక్కువ కాలము మన్నును. కొన్ని ఫ్లాస్కులలో గాలి తోడిన రంధ్రమును సీసము కలిసిన మిశ్రమముతో మూసి, దానిపై ఉక్కు బిళ్ళను అమర్చుదురు. బిళ్ళ స్థానములో నున్నంతవరకు భయము లేదు. ఆ బిళ్ళ ఊడినచో ఫ్లాస్కును వాడుట మానవలెను; పిల్లల చేతికి అసలే అందనీయరాదు.

మూత సంగతి

ఫ్లాస్కు మన్నిక గోడకన్న ముందు మూతవద్ద తేలిపోవును. మీట నొక్కినచో టీ పడు మూతలు సౌకర్యముగ నుండును. కాని వాని లోపలి సందులలో పాలు నిలిచి పులియును. తీగచుట్టలు కొంతకాలమునకు చెడిపోవును. విడదీసి కడుగుటకు వీలు లేని మూతను ఎన్నడును కొనరాదు. మరతో బిగియు సాదా బిరడా బయటి పనికి అన్నిటికన్న నమ్మకమైనది. బిరడా చుట్టునున్న సిలికోను ఉంగరము ఏడాది రెండేండ్లలో సాగిపోవును గనుక విడిగ దొరకు రకమును ఎన్నుకొనినచో ఫ్లాస్కు మొత్తమును పారవేయనక్కరలేదు.

కొన్న తరువాత చేయదగిన పరీక్షలు

మొదటి పరీక్షకు పది నిమిషములు చాలును. మరుగునీరు నింపి మూత బిగించి, పది నిమిషముల తరువాత ఫ్లాస్కు ఒడలంతయు అరచేతితో తడిమి చూడవలెను. మెడవద్ద కొద్ది వెచ్చదనము సహజము. నడుమగాని అడుగునగాని వెచ్చగ నున్నచో శూన్యము లేదని అర్థము. వెంటనే తిరిగి యిచ్చివేయవలెను. రెండవ పరీక్ష: నీరు నింపిన ఫ్లాస్కును పొడి గుడ్డమీద తలక్రిందులుగ పావుగంట నిలిపి గుడ్డ తడిసినదేమో చూడవలెను. మూడవది: వంటకు వాడు ఉష్ణమాపకముతో మొదటను, ఆరు గంటల తరువాతను కొలిచి అంకెలు వ్రాసి ఉంచుకొనవలెను. ఏటికొకసారి ఇట్లు కొలిచినచో ఫ్లాస్కు బలము తగ్గినదో లేదో తెలియును. ‘12 గంటలు వేడి’, ‘24 గంటలు వేడి’ అని పెట్టెమీద వ్రాసిన మాట, ఎన్ని డిగ్రీలు మిగులునో చెప్పనిచో నిష్ప్రయోజనము. 45 డిగ్రీల టీకూడ వేడి టీయే అని తయారుచేయువారు వాదింపవచ్చును.

ఏమి పోయవచ్చును? ఏమి పోయరాదు?

మరుగునీరు, పాలులేని టీ, డికాక్షను ఫ్లాస్కులో ఎంతసేపున్నను ప్రమాదము లేదు. రుచి మాత్రము కొంత తగ్గును. పాలు కలిసినవానితో జాగ్రత్త అవసరము. పాలను కాచినప్పుడు సూక్ష్మజీవులలో చాలవరకు చచ్చును గాని కొన్నిటి సిద్ధబీజములు బ్రతికియుండును. ద్రవము 60 డిగ్రీలకన్న వేడిగ నున్నంతవరకు అవి పెరుగవు. అంతకు దిగినతరువాత గోరువెచ్చని ఫ్లాస్కు వానికి చక్కని పుట్టిల్లగును. చల్లారనీయక నిలువచేయు గుణము ఇచ్చట శత్రువునకే తోడ్పడును. కాబట్టి పాలు కలిసిన టీని, కాఫీని రెండు మూడు గంటలలో త్రాగివేయవలెను. దూరము పోవువారు డికాక్షనును లేక మరుగునీటిని ఫ్లాస్కులో పోసికొని, పాలపొడిని పంచదారను పొట్లము కట్టుకొనిపోవుట ఉత్తమము.

పసిబిడ్డల విషయములో ఈ నియమము మరింత గట్టిగ పాటింపవలెను. కలిపిన పాలను ఫ్లాస్కులో నిలువయుంచి గంటలతరబడి పట్టుట మిక్కిలి ప్రమాదకరము. డబ్బాపాలు పట్టవలసివచ్చిన తల్లులు 70 డిగ్రీలకు తగ్గని నీటితో అప్పటికప్పుడు కలిపి, ఒంటి వేడికి చల్లార్చి పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ప్రయాణములో ఫ్లాస్కులో ఉండవలసినది మరుగునీరు, పాలు కాదు. ఆరు గంటలకు 74 డిగ్రీలు నిలుపు లీటరు ఫ్లాస్కు ఈ పనికి వచ్చును; 55 డిగ్రీలకు దిగు పావు లీటరు ఫ్లాస్కు రాదు. పరిమాణపు లెక్క ఎంత ముఖ్యమో ఇచ్చట తేటపడును.

మజ్జిగ, నిమ్మరసము, చారు వంటి పులుపు, ఉప్పుగల వానిని ఉక్కు ఫ్లాస్కులో ఎక్కువసేపు ఉంచరాదు. సోడా పోసి బిగించినచో లోపలి పీడనము పెరిగి మూత ఎగిరిపోవచ్చును. పులిసిన పాలును అట్లే వాయువును పుట్టించును.

వేడి ఎక్కువైనను ముప్పే. 65 డిగ్రీలకు మించిన వేడితో త్రాగు పానీయములు అన్నవాహికకు క్యాన్సరు కలిగించుటకు అవకాశము కలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది. మంచి ఫ్లాస్కునుండి వచ్చు టీ ఆ హద్దును దాటియే యుండును. కాబట్టి నేరుగా సీసాతో త్రాగక, కప్పులో పోసి కొద్దిసేపు ఆరనిచ్చి త్రాగవలెను.

వాడుకలో జాగ్రత్తలు

ఫ్లాస్కును ముందుగ వేడినీటితో తొలిచి నింపుట మంచి అలవాటు. దీనివలన లీటరు ఉక్కు ఫ్లాస్కులో ఒక డిగ్రీకి పైగ, పావు లీటరుదానిలో రెండు మూడు డిగ్రీలు మిగులును. గాజు ఫ్లాస్కునకైతే పగులకుండ రక్షణ. మూతకు తగులకుండ వ్రేలెడు చోటు విడిచి నింపవలెను. మాటిమాటికి మూత తీయరాదు. తీసిన ప్రతిసారి ఆవిరితో వేడి పోవును.

వాడిన దినముననే కడిగి, మూత తీసి బోర్లించి ఆరబెట్టవలెను. టీ మరకలు పట్టినచో వంటసోడా కలిపిన వేడినీరు రాత్రియంతయు ఉంచిన చాలును. బట్టల తెల్లదనమునకు వాడు బ్లీచింగు ద్రవములోని క్లోరిను ఉక్కుపైనున్న రక్షక పొరను తినివేసి గుంటలు చేయును. ఉక్కు పీచుతో రుద్దినను గీతలు పడును. ఫ్లాస్కును పొయ్యిమీద పెట్టి వేడిచేయుట మహాప్రమాదము. గోడలనడుమ మూసియున్న శూన్యము వేడిని పంచనీయదు గనుక ఒకవైపు మాత్రమే కాగి, అతుకులు విడిపోవును.

తుదకు తేలిన సారాంశ మిది. పగలంతయు బయట నుండువారు 304 రకపు ఉక్కుతో, శూన్యము గల గోడలతో, సన్నని మెడతో, విప్పి కడుగదగిన మరబిరడాతో నున్న ముప్పాతిక లీటరు లేక లీటరు ఫ్లాస్కును ఎన్నుకొనవలెను. కొన్ననాడే పది నిమిషములు అరచేతితో పరీక్షింపవలెను. పై మెరుగులకు, పెద్ద అంకెలకు డబ్బు పోయనక్కరలేదు. ఫ్లాస్కు వేడిని పుట్టింపదు. పోసిన వేడిని కొంతకాలము కాపాడును. ఆ కాపుదల రెండు గోడలనడుమ కంటికి కనబడని శూన్యములో నున్నది.